కార్న్‌ఫ్లేక్స్‌లో కాగిన పాలా, ఫ్రిజ్ పాలా? ఒక ప్యాకెట్, నాలుగు గిన్నెల కథ

తిరుపతిలో పొద్దున టిఫిన్ అంటే ఇడ్లీ, దోసె, పొంగలి, కాదంటే పూరీ. ఆ విషయంలో ఎవరికీ రెండో మాట లేదు. అయినా కొర్లగుంటలోనో బైరాగిపట్టెడలోనో ఒక మోస్తరు సూపర్‌మార్కెట్‌లోకి వెళ్లి చూడండి. ఒక అర నిండా కార్న్‌ఫ్లేక్స్, చాక్లెట్ ఫ్లేక్స్, ఓట్స్, మూస్లీ (ఓట్స్‌లో ఎండు పండ్లు, గింజలు కలిపినది) ప్యాకెట్లు ఉంటాయి. కొనేవాళ్లు లేకుండా ఏ షాపువాడూ అంత చోటు ఇవ్వడు. స్కూల్ వ్యాన్ ఏడున్నరకే వీధి మొదట్లో హారన్ కొట్టే ఇళ్లలో, రాత్రి పిండి రుబ్బుకోవడం కుదరని ఇళ్లలో, నైట్ డ్యూటీ చేసి వచ్చే నర్సుల గదుల్లో ఆ ప్యాకెట్ ఎప్పుడో కాపురం పెట్టేసింది.

కాపురంతో పాటు కీచులాట కూడా వచ్చింది. అవ్వ పొయ్యి మీద నుంచి దించిన పాలు గరిటెతో పోసి, పైన రెండు చెంచాల చక్కెర చల్లి, "వేడి మీదే తినెయ్ నాయనా" అంటుంది. మనవడు చెంచాతో ఒకసారి కెలికి, "మెత్తగా అయిపోయింది అవ్వా, నాకొద్దు" అని గిన్నె జరిపేస్తాడు. వాళ్ల నాయన ముందు పాలు పోసుకుని, పైన గుప్పెడు గుప్పెడుగా వేసుకుంటూ తింటాడు. అమ్మకు పాలే పడవు, పెరుగులో కలుపుకుంటుంది. ప్యాకెట్ ఒకటే, గిన్నెలు నాలుగు, ఒకరి గిన్నె ఇంకొకరికి నచ్చదు.

ఎవరి ఇష్టం వాళ్లది అని వదిలేయొచ్చు. అయితే ఈ నాలుగు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే అన్నింటి కిందా ఒకే లెక్క కనబడుతుంది. కార్న్‌ఫ్లేక్స్ రేకులోకి నీళ్లు ఎంత వేగంగా దిగుతున్నాయి, మీరు ఎంత వేగంగా తింటున్నారు. చక్కెర గొడవ తప్ప మిగతా ఇష్టాయిష్టాలు చాలావరకు ఈ రెండు వేగాల మధ్య తేల్చుకునేవే.

రేకు పుట్టుక

మొక్కజొన్న గింజకు పైపొట్టు, మొలక భాగం తీసేసి, మిగిలిన గట్టి భాగాన్ని పెద్ద నూకగా కొడతారు. పాత పద్ధతిలో ఒక్కో నూక ఒక్కో రేకు అవుతుంది. ఆ నూకను చక్కెర, ఉప్పు, మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ సారం) కలిపిన నీళ్లతో ఆవిరి ఒత్తిడి మీద గంటకు పైగా ఉడికిస్తారు. కార్న్‌ఫ్లేక్స్‌లో ఉప్పు ఉంటుందని చాలామందికి తెలీదు, తియ్యగా ఉంటుంది కాబట్టి. ఉడికిన ముద్దను విడగొట్టి ఆరబెట్టి, తేమ గింజంతా సమంగా సర్దుకునేదాకా పక్కన పెట్టి, తర్వాత బరువైన ఉక్కు రోలర్ల మధ్య నలుపుతారు. ఆ పల్చటి రేకును బాగా కాలిన ఓవెన్‌లో కాసేపు తిప్పితే లోపలి తేమ ఆవిరై తన్నుకుంటూ బయటికి వస్తుంది.

ఒక రేకు తీసి కిటికీ వెలుగుకు పట్టి చూడండి. మధ్యలో అక్కడక్కడా ఉబ్బిన బుడిపెలు, వాటి దగ్గర వెలుగు అవతల నుంచి కనబడేంత పల్చదనం, అంచుల్లో ముదురు గోధుమ రంగు. ఆ బుడిపెలు ఆవిరి పోయిన గుర్తులు. ఆ రంగు, ఆ వాసన చక్కెరలూ ప్రోటీన్లూ వేడికి కలిసి చేసిన పని. విరిస్తే లోపల సన్నటి గాలి అరలు ఉంటాయి. ఓవెన్ నుంచి బయటికి వచ్చేసరికి రేకులో మిగిలే తేమ నూటికి మూడు పాళ్లు మించదు.

ఆ తేమ దగ్గరే అసలు విషయమంతా ఉంది. అంత పొడిగా ఉన్న పిండిపదార్థం గాజు స్థితిలో ఉంటుందని ఆహార శాస్త్రం చెబుతుంది. వంగదు, సాగదు, నొక్కితే పగులుతుంది. మనం కరకర అనేది ఆ పగుళ్ల చప్పుడునే. నీళ్లు లోపలికి చేరే కొద్దీ పిండి అణువులు ఒకదాని మీద ఒకటి జారే వీలు కలుగుతుంది. తేమ ఏడెనిమిది పాళ్లకు పోయేసరికి ఆ స్థితి పోయి రేకు తోలు మాదిరి సాగుతుంది, తర్వాత పూర్తిగా మెత్తబడుతుంది. నవంబరులో తుపాను ముసురు పట్టినప్పుడు తిరుపతి ఇళ్లలో మూత సరిగా పెట్టని అప్పడాలకు జరిగేది కూడా ఇదే. అక్కడ గాలిలో తేమ, ఇక్కడ పాలు, అంతే తేడా.

ఆ చప్పుడును తక్కువగా చూడకండి. నోటికి తెలిసేదాంట్లో చెవి వాటా చాలా ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో చార్ల్స్ స్పెన్స్, మాసిమిలియానో జాంపీని చేసిన ఒక ప్రయోగం 2004లో అచ్చయింది. ఆలుగడ్డ చిప్స్ కొరికే చప్పుడును హెడ్‌ఫోన్లలో పెంచి వినిపిస్తే, అవే చిప్స్‌ను జనం మరింత తాజాగా, మరింత కరకరగా ఉన్నాయన్నారు. కాబట్టి మెత్తబడ్డ కార్న్‌ఫ్లేక్స్ "బాగాలేదు" అనే పిల్లాడు పేచీ పెడుతున్నాడని కోప్పడాల్సిన పనిలేదు. వాడు రుచిలో ఒక భాగం పోయిందని చెబుతున్నాడు, నిజంగానే పోయింది కూడా.

వేడి పాలు ఏం చేస్తాయి

రేకులో పిండి ఫ్యాక్టరీలోనే ఉడికిపోయింది. పైగా కాలింది కూడా. వేడి పాలు పోసి ఇంట్లో ఉడికించాల్సింది ఏమీ మిగల్లేదు. ఉడికిన పిండి నీళ్లను ఇట్టే పీలుస్తుంది. ద్రవం వేడిగా ఉంటే పల్చబడి గాలి అరల్లోకి ఇంకా త్వరగా దూరుతుంది. అందుకే పొయ్యి మీది పాలు పోసిన గిన్నెలో, మీరు టీవీ రిమోట్ వెతుక్కుని వచ్చేలోపే కరకర అయిపోతుంది. ఫ్రిజ్ పాలైతే ఇంకొంత గడువు దొరుకుతుంది.

పాలల్లో కొవ్వు కూడా ఒక చెయ్యి వేస్తుంది. కొవ్వు ఎక్కువున్న పాలల్లో రేకులు కాస్త ఆలస్యంగా నానుతాయి, కొవ్వు రేకు పైన పల్చటి పొరగా పట్టి నీళ్లను కొంత ఆపుతుంది కాబట్టి. మన దగ్గర ప్యాకెట్ల మీద ఉండే లెక్కలు ఇక్కడ పనికొస్తాయి. ఫుల్ క్రీమ్ పాలల్లో కనీసం 6 శాతం కొవ్వు ఉండాలి, టోన్డ్ పాలల్లో 3 శాతం, డబుల్ టోన్డ్‌లో 1.5 శాతం. బరువు తగ్గాలని డబుల్ టోన్డ్ పాలు, అదీ వేడిగా, పోసుకుని "ఈ కంపెనీ ఫ్లేక్స్ బాగాలేవు, వెంటనే నానిపోతున్నాయి" అనేవాళ్లు రెండు విధాలా తామే త్వరపెడుతున్నారు. పుంగనూరు ఆవు పాలు బాగా చిక్కన అంటారు. అవి దొరికితే కార్న్‌ఫ్లేక్స్‌లో పోసేంత మనసు ఎవరికుంటుందో నాకైతే తెలీదు.

అట్లాగని అవ్వది తప్పా? కాదు. చల్లటి పాలు పోసుకోవడం అనేది రేకుతో పాటు అమెరికా నుంచి వచ్చిన అలవాటు. మిషిగన్ రాష్ట్రం బ్యాటిల్ క్రీక్ ఊళ్లో డాక్టర్ జాన్ హార్వీ కెలాగ్ ఒక శానిటోరియం, అంటే రోగులు ఉండి కోలుకునే ఆరోగ్య నిలయం, నడిపేవాడు. 1894లో అక్కడ ఉడికించి వదిలేసిన గోధుమను రోలర్లలో పెట్టి చూస్తే రేకులుగా వచ్చింది. తర్వాత మొక్కజొన్నతో చేశారు. తమ్ముడు విల్ కీత్ కెలాగ్ 1906లో సొంతంగా కంపెనీ పెట్టాడు. అన్నకు అందులో చక్కెర కలపడం సుతరామూ ఇష్టం లేదు, తమ్ముడు కలిపాడు. కార్న్‌ఫ్లేక్స్‌లో చక్కెర ఉండాలా వద్దా అనే గొడవ ఆ అన్నదమ్ములతోనే మొదలైందన్నమాట. పాశ్చరైజ్ చేసిన పాలు, ఇంటింటా ఐస్ పెట్టె, తర్వాత ఫ్రిజ్ వచ్చిన దేశంలో పాలు చల్లగా తాగడం మామూలే అయింది.

మనకు పాలు అంటే కాచినవే. ఇంటి ముందు పితికి పోసిన పాలు, సైకిల్ క్యాన్‌లో వచ్చిన పాలు కాచకుండా తాగితే జబ్బు చేస్తుందని మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. కాచడం వాళ్లకు రుచి కాదు, జాగ్రత్త. ఇప్పుడు ప్యాకెట్ పాలు డెయిరీలోనే పాశ్చరైజ్ అయి వస్తాయి, అంటే సాధారణంగా 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడి చేసి వెంటనే చల్లార్చినవి. అవి దారి పొడవునా చల్లగానే ఉంటే కాచకుండా తాగొచ్చు. ఏప్రిల్ ఎండలో షాపు ముందు ట్రేల్లో ఎంతసేపు ఉన్నాయో ఎవరు చూశారు? అందుకే కాచడం మానమని నేను చెప్పను. కాచి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి వాడుకుంటే అవ్వ జాగ్రత్తా మిగులుతుంది, మనవడి కరకరా మిగులుతుంది. ఒక్క చిన్న చిక్కు మీగడ. చల్లారిన పాల మీద కట్టిన మీగడ రేకులకు అతుక్కుని ముద్దముద్దగా నోటికి తగులుతుంది. అది కొందరికి ప్రాణం, కొందరికి వాంతి. వడగట్టి పోస్తే పోయేదానికి పొద్దున్నే పంచాయితీ అవసరం లేదు.

కెలాగ్స్ మన దేశంలో 1994లో అడుగుపెట్టినప్పుడు మొదట్లో తడబడడానికి చెప్పే కారణాల్లో ఇదొకటి. చల్లటి పాలకు తగ్గట్టు చేసిన రేకును జనం వేడి పాలల్లో వేశారు, అది కరిగిపోయినంత పనైంది. మేనేజ్‌మెంట్ కోర్సుల్లో ఈ కథను ఇప్పటికీ పాఠంగా చెబుతారు. ఆ కంపెనీ ఫ్యాక్టరీల్లో ఒకటి ఇప్పుడు మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే ఉంది. సత్యవేడు దగ్గర తయారైన సరుకు తిరుపతి గిన్నెలో కాగిన పాలల్లో పడుతోంది. అమెరికా అలవాటు సత్యవేడు దాకా వచ్చింది గానీ వంటింట్లోకి పూర్తిగా రాలేదు.

ముందు పాలా, ముందు రేకులా

పైకి ఇది చిల్లర గొడవ. కానీ నాయన పద్ధతిలో తెలివి ఉంది. రేకులు ముందు వేసి పైన పాలు పోస్తే గిన్నెలోవన్నీ ఒకేసారి తడుస్తాయి. మొదటి చెంచాకు, చివరి చెంచాకు చాలా తేడా వస్తుంది. పాలు ముందు పోసి కొంచెం కొంచెం వేసుకుంటే ప్రతి చెంచా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. నిదానంగా పేపర్ చదువుతూ తినేవాళ్లకు ఇదే సరైనది. గబగబా తినేవాళ్లకు ఏదైనా ఒకటే.

గిన్నె చివర్లో నాలుగైదు రేకులు మిగిలినప్పుడు అవి ఒకదాని దగ్గరికి ఒకటి జరిగి గుంపుగా చేరడం గమనించే ఉంటారు. తేలే ప్రతి ముక్క చుట్టూ పాల ఉపరితలం కొద్దిగా వంగుతుంది, ఆ వంపులు ఒకదానినొకటి దగ్గరికి లాగుతాయి. పాలల్లో వేసుకునే ఇట్లాంటి ధాన్యపు టిఫిన్లను సీరియల్ అంటారు, చీరియోస్ అనే అమెరికన్ సీరియల్ పేరు మీదే దీనికి చీరియోస్ ఎఫెక్ట్ అని పేరు. డొమినిక్ వెల్లా, ఎల్. మహదేవన్ 2005లో దీని మీద ఒక పరిశోధన పత్రమే రాశారు. మన గిన్నెలో అది పెద్దగా మార్చేదేమీ లేదు గానీ, పిల్లాడు తినకుండా గిన్నెలోకి చూస్తూ కూర్చుంటే ఫిజిక్స్ చదువుతున్నాడనుకుని ఊరుకోవచ్చు.

అమ్మ పెరుగు సంగతికి వస్తే, నా ఓటు దానికే. గట్టి పెరుగులో నీళ్లు ప్రోటీన్ల వలలో చిక్కుకుని ఉంటాయి, పాలల్లో ఉన్నంత స్వేచ్ఛగా రేకులోకి పారవు. అందువల్ల పెరుగులో వేసిన ఫ్లేక్స్ చాలాసేపు కరకరలాడతాయి. పల్చటి పెరుగైతే ఆ లాభం ఉండదు. పైన అరటిపండు ముక్కలు వేస్తే చక్కెర అవసరం రాదు. మామిడికాయల కాలంలో చిత్తూరు వైపు ఉండి డబ్బాలో వచ్చే ఎండు స్ట్రాబెర్రీ ముక్కల కోసం ఎక్కువ డబ్బు పెట్టడం ఏం లెక్కో నాకు అర్థం కాదు. ఒక బేనీషా మామిడి పండు చెక్కు తీసి ముక్కలు కోసి వేసుకోండి.

చక్కెర ఎక్కడ దాక్కుంటుంది

చక్కెర విషయంలో చల్లటి పాలకూ ఒక ఇబ్బంది ఉంది. చల్లటి వస్తువులో తీపి నాలుకకు తక్కువగా తెలుస్తుంది. పైగా చల్లటి పాలల్లో చక్కెర త్వరగా కరగదు, గిన్నె అడుగున ఇసుక మాదిరి మిగులుతుంది. దాంతో ఫ్రిజ్ పాలు పోసుకున్న పిల్లాడు ఇంకో చెంచా అడుగుతాడు. చివర్లో ఆ అడుగుపాలు తాగేసరికి ఒక్కసారిగా తీపి అంతా నోట్లోకి వస్తుంది, దానికే వాడు అలవాటుపడతాడు. వేడి పాలల్లో తక్కువ చక్కెరతోనే పని అవుతుంది. ఈ ఒక్క విషయంలో అవ్వ పద్ధతే మేలు, ఆమె రెండు చెంచాలు వేయకుండా ఉంటే.

మామూలు కార్న్‌ఫ్లేక్స్‌లో కంపెనీ వేసిన చక్కెర ఎంతో కొంత ముందే ఉంటుంది. చాక్లెట్ రకాల్లో అయితే 100 గ్రాములకు 30 గ్రాముల దగ్గర దాకా ఉండేవి ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన దాని ప్రకారం బయటి నుంచి కలిపే చక్కెర రోజు మొత్తం శక్తిలో పది శాతం లోపు ఉండాలి, ఐదు శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. ఐదు శాతమంటే పెద్దవాళ్లకే సుమారు 25 గ్రాములు, చిన్న పిల్లలకు ఇంకా తక్కువ. ప్యాకెట్ మీద ఒక సర్వింగ్ అంటే తరచుగా 30 గ్రాములే రాసి ఉంటుంది. ఒకసారి వంటింటి త్రాసులో 30 గ్రాములు తూచి గిన్నెలో వేసి చూడండి. మనం రోజూ వేసుకునేది దాని కన్నా ఎక్కువేనని తెలిసిపోతుంది. ప్యాకెట్ వెనక పదార్థాల వరసలో ఎక్కువ బరువున్నది ముందు రాయాలన్నది నిబంధన. చక్కెర రెండో స్థానంలో ఉంటే ముందు వైపు బొమ్మలో ఎన్ని తేనెచుక్కలు కారుతున్నా పట్టించుకోనక్కర్లేదు.

షుగర్ ఉన్న పెద్దవాళ్లకు "ఇడ్లీ మానేసి కార్న్‌ఫ్లేక్స్ తినండి" అని సలహా ఇచ్చే బంధువులు ప్రతి ఇంట్లో ఉంటారు. చక్కెర వేయకపోతే చాలని వాళ్ల నమ్మకం. తిండి రక్తంలో చక్కెరను ఎంత త్వరగా పెంచుతుందో గ్లూకోజ్‌ను 100గా పెట్టి చూసే గ్లైసెమిక్ సూచీలో కార్న్‌ఫ్లేక్స్ 81 దగ్గర ఉంటుంది. 70 దాటితే ఎక్కువ కింద లెక్క. పొట్టు పోయి, పూర్తిగా ఉడికి, పల్చగా నలిగిన పిండి కడుపులో ఇట్టే గ్లూకోజ్ అయిపోతుంది. చక్కెర వేయకపోయినా అంతే. పదిన్నరకల్లా మళ్లీ ఆకలి వేయడానికి ఇదొక కారణం. ప్రోటీన్ తక్కువగా ఉండడం ఇంకో కారణం, 30 గ్రాముల రేకుల్లో రెండు గ్రాములు ఉంటే గొప్ప. పక్కన ఒక ఉడకబెట్టిన గుడ్డో, గుప్పెడు వేయించిన శెనక్కాయలో ఉంటే ఆ కథ మారుతుంది.

ఓట్స్ లెక్క వేరు

ఒకే అరలో ఉంటాయని ఓట్స్‌ను, కార్న్‌ఫ్లేక్స్‌ను ఒకే తీరుగా వాడేవాళ్లు ఉన్నారు. ఓట్స్ గింజను ఆవిరి పట్టి నలుపుతారే గానీ కార్న్‌ఫ్లేక్స్ మాదిరి పూర్తిగా ఉడికించి కాల్చరు. కాబట్టి వేడి ఇక్కడ నిజంగా అవసరం, లేదా రాత్రంతా నానే సమయం అవసరం. ఉప్పు, తాలింపు, ఉల్లిపాయ వేసి ఓట్స్ ఉప్మా చేస్తే మన నోటికి బాగానే ఉంటుంది. సాదా రోల్డ్ ఓట్స్ గంజి గ్లైసెమిక్ సూచీలో 55 దగ్గర ఉంటే, రెండు నిమిషాల్లో అయిపోయే ఇన్‌స్టంట్ ఓట్స్ 79 దాకా పోతుంది. గింజ అదే, నలిగిన తీరు వేరు. తొందర కోసం పల్చగా నలిపేకొద్దీ కడుపులోనూ అది తొందరగానే అరుగుతుంది.

మూస్లీ పుట్టింది కూడా నానబెట్టడం నుంచే. స్విట్జర్లాండ్‌లో డాక్టర్ బిర్షర్ బెన్నర్ 1900 ప్రాంతంలో తన రోగులకు పెట్టిన గిన్నెలో తురిమిన ఆపిల్ పండుదే పెద్ద వాటా. దానికి రాత్రంతా నానబెట్టిన కొద్దిపాటి ఓట్స్, నిమ్మరసం, బాదం లాంటి గింజలు తోడు. ఇప్పుడు ప్యాకెట్లో వచ్చేదాన్ని గలగలా పోసుకుని వెంటనే తిని "నమలలేక దవడ నొప్పి" అనడం ఆ వంటకానికి చేసే అన్యాయం. కాసేపు నానబెట్టండి.

మన రేకులు మనకున్నాయి

ఇక్కడే నాకు నవ్వు వచ్చే సంగతి ఒకటుంది. కార్న్‌ఫ్లేక్స్ మెత్తబడితే ముట్టని వాళ్లే ఉగ్గానిని లొట్టలేసుకుంటూ తింటారు. ఉగ్గాని అంటే ఏంటి? ఎంతో కష్టపడి పొంగించిన బొరుగుల్ని నీళ్లలో ముంచి, చేత్తో గట్టిగా పిండి, మెత్తగా చేసి తాలింపులో వేయడమే. పైన పుట్నాల పొడి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, పక్కన మిరపకాయ బజ్జీ. రాయలసీమ అంతా మెత్తబడ్డ సీరియల్‌ను ఇష్టంగా తింటోంది, కాకపోతే దానికి ఉప్పూ కారం ఉన్నాయి, కరకర పని బజ్జీకి అప్పగించారు.

బొరుగులు, అటుకులు పనిచేసే తీరు కార్న్‌ఫ్లేక్స్ తీరే. బొరుగుల కోసం ఉప్పుడు బియ్యాన్ని బాగా కాలిన ఇసుకలో వేయిస్తారు, లోపలి తేమ ఒక్కసారిగా ఆవిరై గింజను పొంగిస్తుంది. అటుకుల కోసం వడ్లను నానబెట్టి, వేయించి, వేడి మీదే దంచి చదును చేస్తారు. రెండింట్లోనూ పిండి ముందే ఉడికిపోయింది, అందుకే పొయ్యి వెలిగించకుండా తినొచ్చు. కుచేలుడు కొంగున మూట కట్టుకుని అంత దూరం మోసుకుపోగలిగింది అందుకే. దారిలో పాడుకాదు, వండాల్సిన పనిలేదు. పెరుగులో నానబెట్టిన అటుకుల్లో బెల్లం తురిమి వేసుకుంటే, కార్న్‌ఫ్లేక్స్ గిన్నె చేసే పని అంతా అది చేస్తుంది, ఖర్చు బాగా తక్కువ. గ్లైసెమిక్ లెక్కలో అటుకులు గొప్పవని మాత్రం చెప్పను, తెల్ల బియ్యం తెల్ల బియ్యమే. పల్చటి అటుకులకు నీళ్లు చిలకరిస్తే చాలు, మందపాటివైతే కాసేపు నానాలి. ఈ తేడా ప్రతి ఇంట్లో ఆడవాళ్లకు చేతి లెక్కగా తెలుసు. అదే తెలివిని మొక్కజొన్న రేకు మీద పెట్టడమే మనం మర్చిపోయాం.

రాగుల దగ్గరికి వస్తే కథ ఇంకో మలుపు తిరుగుతుంది. కుప్పం, పలమనేరు వైపు రాగి సంగటి పొద్దున తిండే. ముందు రోజు మిగిలిన సంగటిని మజ్జిగలో పిసికి, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగేవాళ్లు ఇంకా ఉన్నారు. రాత్రంతా చల్లారిన పిండిలో కొంత భాగం త్వరగా అరగని రూపంలోకి మారుతుంది, షుగర్ లెక్కలో అది మంచిదే. తిరుపతిలో ఎండలు మొదలైతే రోడ్ల పక్కన రాగి అంబలి బండ్లు వచ్చేస్తాయి. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో పది కూడా ఉండడం కష్టం. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక కంపెనీలన్నీ రాగి ఫ్లేక్స్ వైపు మళ్లాయి. అక్కడా ప్యాకెట్ వెనక వరసే చూడాలి. ముందు వైపు "రాగి" అని పెద్ద అక్షరాలు, వెనక మొదటి పేరు మొక్కజొన్న లేక బియ్యం, రాగి ఎంత శాతమో చిన్న అక్షరాల్లో. ఇట్లాంటివి తక్కువేం కాదు.

రాగి మాల్ట్ విషయంలో ఇంకో చిన్న చిట్కా. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పట్టించిన పిండితో జావ కాస్తే అది చిక్కగా ముద్ద కట్టదు. మొలకలో పుట్టిన ఎంజైములు పిండిని కొంత విడగొడతాయి కాబట్టి పల్చగా, సహజమైన తీపితో ఉంటుంది. చంటిపిల్లలకు మొలకల రాగిపిండి పెట్టే అలవాటు ఇందుకే. మొలకెత్తించకుండా వేయించిన పిండిలో చక్కెర, యాలకుల పొడి కలిపి అదే పేరుతో అమ్మే ప్యాకెట్లూ ఉన్నాయి. కాచినప్పుడు గట్టిగా గడ్డకడితే ఏది కొన్నారో తెలుస్తుంది.

ప్యాకెట్ విప్పాక

తిరుపతి వైపు ఎక్కువ వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడతాయి. ఆ నెలల్లో లోపలి కవర్‌ను మడిచి రబ్బరు బ్యాండు వేసినా రేకులు సాగుతాయి. బిగుతు మూత డబ్బా తప్పదు. మెత్తబడినవాటిని పారేయనక్కర్లేదు. మందపాటి బాణలిలో సన్న మంట మీద కాసేపు కదిపితే తేమ పోయి మళ్లీ విరుగుతాయి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో వేయాలి, వేడి మీద మూత పెడితే ఆ ఆవిరే మళ్లీ పట్టుకుంటుంది. చక్కెర పూత ఉన్నవాటికి, చాక్లెట్ వాటికి ఇది చేస్తే అడుగంటుతాయి.

తిన్నాక వెంటనే ఫిల్టర్ కాఫీ తాగే అలవాటు మన ఊళ్లో ఎవరూ మానరని తెలుసు. అయితే చాలా సీరియల్స్‌లో ఇనుము ప్రత్యేకంగా కలుపుతారు. కొన్నిట్లో అది నిజంగానే సన్నటి ఇనుప పొడి, రేకులు నలిపి నీళ్లలో కలిపి అయస్కాంతం తిప్పితే అంటుకుంటుంది. కాఫీ, టీలలోని పదార్థాలు ఆ ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. రక్తం తక్కువగా ఉందని డాక్టర్ చెప్పిన ఆడపిల్లలు ఆ కాఫీని ఒక గంట ఆలస్యంగా తాగి, గిన్నెలో బొప్పాయి ముక్కలో, జామకాయ ముక్కలో వేసుకుంటే విటమిన్ సి తోడై ఎక్కువ ఇనుము పడుతుంది.

నలుగురికి నాలుగు తీర్లు ఉన్న ఇంట్లో పొద్దున తలనొప్పి తగ్గించే ఏర్పాటు పెద్ద కష్టం కాదు. రాత్రే పాలు కాచి, చల్లార్చి, మీగడ తీసి, సగం ఫ్రిజ్‌లో పెట్టండి. రేకులు డబ్బాతో బల్ల మీద పెట్టండి, వడ్డించొద్దు, ఎవరి గిన్నెలో వాళ్లు కూర్చున్నాకే వేసుకోవాలి. వ్యాన్ వచ్చే పిల్లాడికి ఫ్రిజ్ పాలు, పండు, ఒక గుడ్డు. పళ్లు సరిగా లేని తాతకు కాగిన పాలల్లో నానిన మెత్తటి రేకులే హాయి, షుగర్ ఉంటే ఆయనకు ఆ గిన్నె బదులు మజ్జిగలో పిసికిన ముందు రోజు రాగి సంగటి. అవ్వ తన గిన్నెలో వేడి పాలే పోసుకోనివ్వండి, చక్కెర డబ్బా మాత్రం కాస్త దూరంగా పెట్టండి.